నాలుగో నంబరు మీద ఫిర్యాదు

“నాలుగో నంబరును తీసెయ్యాలె సార్. తియ్యకపోతే ఆదివారం మళ్ల ఓడుతం.”

మేనేజర్ ముందు అనాల్సిన ఈ మాటను సాదుల్లా గేటు బయట టీ బండి దగ్గర నిలబడి ఒకసారి గట్టిగా అనుకుని చూసుకున్నాడు. పక్కనున్న మొయిన్ నవ్వాడు. ఇద్దరూ ఒకే సెక్షన్ వాళ్లు.

“నిజంగనే పోతున్నవా చిచ్చా?”

“పోక?”

“జైతూన్ చాచీకి చెప్పినవా?”

“ఫుట్‌బాల్ గురించి ఆమెకేం తెలుసురా?”

“ఫుట్‌బాల్ తెల్వదు. నువ్వు తెలుసు. రేపు ఇంట్ల లొల్లయితే నన్ను పిలవకు.” మొయిన్ గ్లాసు కింద పెట్టాడు. నవ్వు పోయింది. “గా నాలుగో నంబరు పెద్దమనిషి చిచ్చా. జెర ఇజ్జత్ ఇయ్యి.”

“ఇజ్జత్ బంతిని ఆపుతదా?”

“టీమ్ సెక్రటరీ ఏమన్నడు?”

“సీనియర్‌ను ఎట్ల తీస్తం అన్నడు. మోకాలికి సీనియారిటీ ఉంటదారా?”

పాశమైలారంలోని ఆ మందుల ఫ్యాక్టరీకి ఒక ఫుట్‌బాల్ టీమ్ ఉంది. ఎన్నాళ్లుంటుందో తెలియదు. ఆదివారం మ్యాచ్ కూడా పోతే టీమ్ ఎత్తేస్తాం, గ్రౌండులో లారీలు నిలుపుకుంటాం అని మేనేజ్‌మెంట్ చెప్పేసింది. ఆ మాట విన్న నాటి నుంచి సాదుల్లాకు ముద్ద దిగడం లేదు. ఆ టీమ్‌ది ఒక్క మ్యాచ్ వదిలిన మనిషి కాదు. పొద్దున నిఖా చేసుకుని సాయంత్రం గ్రౌండులో ఉన్నాడు.

టీమ్‌ను ఈ గతికి తెచ్చింది ఎవరు? మేనేజ్‌మెంటే. గోల్ కొట్టినవాడి ఫోటో కంపెనీ క్యాలెండర్‌లో పడుతుంది. అందుకని ఏటేటా ముందు వరసలో ఆడేవాళ్లనే తెస్తారు. ఆపేవాడి ఫోటో ఎవడిక్కావాలి? వెనక గోడ కూలుతుంటే ముందు తలుపుకు రంగేసే తెలివి. మొన్న మూడు కొట్టారు, నాలుగు తిన్నారు. అంతకు ముందు వారం రెండు కొట్టి నాలుగు తిన్నారు. మేనేజ్‌మెంట్ వాళ్లు కొట్టిన గోల్స్‌కు చప్పట్లు కొట్టి, జ్యూస్ తాగి, కార్లెక్కి పోయారు.

వెల్ఫేర్ మేనేజర్ త్రినాథరావు వచ్చి మూడు నెలలైంది. టీమ్ ఆయన కిందే. గ్రౌండు ఆయన గది కిటికీలోంచి కనిపిస్తుంది. కిటికీకి పరదా ఉంది.

“కూర్చోండి. ఏంటి సంగతి?”

సాదుల్లా కూర్చున్నాడు. అనుకున్న మాట అనుకున్నట్టే అన్నాడు.

“ఎవరండీ ఈ నాలుగో నంబరు?” అన్నాడు త్రినాథరావు.

టీమ్ ఈయన కింద ఉంది! సాదుల్లాకు కోపం కూడా రాలేదు. కోపానికీ ఓపిక కావాలి.

“స్టాపర్ సార్. గోల్‌కీపర్ ముంగట నిలబడి ఆపాలె. ఆపుతలేడు.”

“ఒక్కరి వల్లే ఓడిపోతామా?”

“బంతి నెత్తి మీదికెల్లి పోతది సార్. ఆయన ఎనకకు మళ్లేటాళ్లకు అవతలోడు గోల్ కొట్టి డాన్స్ చేస్తుంటడు. మళ్లుడంటే ఏం మళ్లుడు? ముత్తంగి మలుపు కాడ ట్రెయిలర్ లారీ మళ్లినట్టు.”

త్రినాథరావు నవ్వాడు. సాదుల్లా నవ్వలేదు.

“బాగానే చూస్తారే మ్యాచ్‌లు.”

“జెర దగ్గర్నుంచే చూస్త సార్.”

“ఆయనతో మీకేమన్నా తగాదా ఉందా?”

“రోజూ తగాదే. రెండేండ్ల సంది తిడుతున్న. సిగ్గు లేదు. ఆదివారం రాంగనే బూట్లు కట్టుకుంటడు.”

“సరే, తీసేస్తే ఎవరున్నారు?”

“తారిఖ్ అని ఉన్నడు. కాంట్రాక్ట్‌ల డ్రమ్ములు మోస్తడు. మనిషి కాదు సార్, గోడ. టీమ్‌ల ఒక జాగ ఖాళీ అయితెనే కొత్తోన్ని తీసుకుంటమన్నరు. మీ రూలే గదా.”

త్రినాథరావు కాసేపు పెన్ను తిప్పాడు. మనిషి చెడ్డవాడు కాదు. గదిలోంచి బయటికి రానివాడు, అంతే.

“ఇంకో రూలు కూడా ఉందండీ. టీమ్‌లో ఉన్నంత కాలమే కూర్చుని చేసే పని, పగటి డ్యూటీ. తీసేస్తే ఆయన రియాక్టర్ బ్లాకుకి వెళ్లాలి. రోజంతా ఇనప మెట్లు ఎక్కి దిగడం, షిఫ్టులు. ఆయన మోకాలు బాగోలేదని మీరే అంటున్నారు.”

సాదుల్లా కిటికీ పరదా వైపు చూశాడు. ఏసీ గుర్రుగుర్రుమంటోంది. బయట ఏదో లారీ హారన్ కొట్టి ఆపింది.

“ఎక్కుతడు సార్. మెల్లగ ఎక్కుతడు.”

“పిల్లలున్నవాడేమో. ఆలోచించారా?”

“ఉన్నరు సార్. టీమ్ కూడా ఉండాలె గదా.”

“ఇంత పంతమేంటండీ మీకు?”

“పంతం కాదు సార్. యాష్టకొచ్చింది. ఇగ చూడలేను.”

త్రినాథరావు పెన్ను పక్కన పెట్టాడు.

“తారిఖ్‌ని తీసుకుందాం. కానీ మనిషికి చెప్పకుండా వెనక నుంచి తీసెయ్యడం నాకు నచ్చదు. ముందు ఆ నాలుగో నంబరును పిలవండి, ముఖం మీదే చెప్తాను.”

సాదుల్లా మోకాలు పట్టుకుని కుర్చీలోంచి లేచి, బల్లకు ఎదురుగా వచ్చి నిలబడి, “వచ్చిన సార్, చెప్పండి” అన్నాడు.