తోకకు కట్టు

ఆ మేస్త్రి చేతులంటేనే దర్జీకి ఒళ్లు మంట. ఏడేళ్ల కిందట పెరటి మధ్య గోడ కట్టి, నాలుగడుగుల వెడల్పున ముప్ఫై అడుగుల పొడవు నేల తనవైపు కలిపేసుకున్న చేతులవి. సొంత అన్న చేతులు. చదువు ఆపేసిన తమ్ముడు పంపకాల కాగితంలో ఏం రాశారో చూసుకోలేదు. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ఆ చేతులే దర్జీ ఒళ్లోని పిల్లి తోకను ఉప్పునీళ్లతో కడుగుతున్నాయి.

"గట్టిగా పట్టుకోరా, కదుల్తోంది."

"నువ్వు మెల్లిగా కడుగు. అది ఇటుక కాదు."

పిల్లి రెండిళ్లలోనూ తినేది. గోడ మీది గాజుపెంకు తగిలి తోక కొస చీలింది. రోజూ కట్టు మార్చమన్నాడు పశువుల డాక్టరు. పుండు ఆరకపోతే కొస తీసేయాల్సి వస్తుందన్నాడు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. పిల్లి దర్జీ ఒళ్లో తప్ప కుదురుగా ఉండదు. అతను దాని తలకు తువ్వాలు చుట్టి చంకలో ఇరికించుకుంటే, వెనక నుంచి మేస్త్రి కట్టు కట్టాలి. రోజూ ఉదయం ఏడింటికి ఇదే పని. ఇవాళ్టికి ఇరవై నాలుగో రోజు.

"ఎలా ఉంది?"

"పచ్చిగానే ఉంది."

"నిన్నా అదే మాట, మొన్నా అదే మాట."

"ఇదేమన్నా గోడా, రెండ్రోజుల్లో ఆరడానికి?"

"గోడల సంగతి నా దగ్గర ఎత్తకు."

దర్జీ మెడ తిప్పి తోక వంక చూడబోయాడు. పట్టు సడలగానే పిల్లి మణికట్టు గీరేసింది. ఈలోగా మేస్త్రి గబగబా తెల్లగుడ్డ చుట్టేశాడు.

"విప్పకు. గాలి తగిలితే చీము పడుతుంది."

"విప్పను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. "ఇప్పుడెందుకు? నాలుగు రోజులు చూద్దాం."

"చూసి చూసి తోక పోగొడదామా? అంతా నీ పెంకుల పుణ్యమేగా."

"అవి ఆ రోజే కొట్టేశాను. చూళ్లేదా?"

దర్జీ చూశాడు. చూసినట్టు ఒప్పుకోలేదంతే. "నీ చేతిలో పడ్డది ఏది బాగుపడింది గనక," అని పిల్లిని బుట్టలో పెట్టుకుని బయల్దేరాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మేస్త్రి గోడ దగ్గరే నిలబడి ఉన్నాడు. పనికి పోలేదు.

పిల్లి తోకకు కొత్త కట్టు ఉంది. దర్జీ కొట్లో మిగిలిన గళ్లగుడ్డ ముక్క.

"ఏమన్నాడు?" అన్నాడు మేస్త్రి.

దర్జీ ఆ చేతుల వంక కాసేపు చూశాడు.

"ఇంకో నెల కట్టు కట్టాలన్నాడు. రేపు కూడా ఏడింటికే రా, అన్నా. ఆలస్యం చెయ్యకు."

మేస్త్రి తల దించుకుని ఊపాడు.

డాక్టరు అన్నది, పుండు మాని పదిహేను రోజులైందని.