కువైట్‌లో వాన

“ఇప్పుడు ఆడ ఎండా, వానా?” శెనక్కాయలు ఒలుస్తూ అడిగింది చెంగమ్మ.

కూతురు జ్యోతిక పటంలో కువైట్‌కు పసుపు రంగు వేస్తోంది. తిరుత్తణి కాలేజీలో జాగ్రఫీ రెండో ఏడాది. రేపు పశ్చిమాసియా మీద పరీక్ష.

“జూలైలో చుక్క వాన పడదుమా. నిప్పులు చెరిగే ఎండ.”

“టైమో?”

“మనకంటే రెండున్నర గంటలు వెనక. ఈడ ఏడైతే ఆడ నాలుగున్నర.”

“ఈడ ఏడైతే ఆడ నాలుగున్నర,” అని చెంగమ్మ రెండుసార్లు పలికి చూసుకుంది. నాయన కువైట్ వెళ్లిన ఈ మూడు నెలలుగా రోజూ ఇదే తంతు. ఆడ ఏం తింటారు, గాలి ఎట్లుంటుంది, చెట్లుంటాయా? అక్షరం ముక్క రాని అమ్మ మొగుడి కోసం దేశాలు నేర్చుకుంటుంటే జ్యోతికకు ముచ్చటేసేది.

నాయన నాగలింగం మునుపు కాట్టుపల్లి రేవులో ఇనుము మోసేవాడు. నడుము పట్టేసి నెలరోజులు మంచం దిగలేదు. కాలేజీ మానేసి కవరైపేట్టైలో ఏదైనా కంపెనీకి పోతానని జ్యోతిక మొండికేసింది. సరిగ్గా అప్పుడే కువైట్‌లో వాచ్‌మన్ పని దొరికిందన్నాడాయన.

“కుర్చీలో కూర్చునే పని పాపా. నేను మళ్లా బరువెత్తిన నాడు నువ్వు చదువు మానుకుందువులే,” అని మాటిచ్చి బయల్దేరాడు.

వాట్సాప్ కాల్ వచ్చింది. జ్యోతికే ఎత్తింది.

“ఎట్లుండావు నాయనా?”

“బాగుండాను పాపా. పాడు వాన, తడిసి ముద్దయి ఇప్పుడే రూముకొచ్చినాను.”

జ్యోతిక చేతిలో పెన్సిల్ ఆగిపోయింది. “ఆడ టైమెంత నాయనా?”

“ఏడు.”

గోడ గడియారంలోనూ ఏడే. ఇంతలో చెంగమ్మ గబుక్కున ఫోన్ లాక్కుని, “సిగ్నల్ సరిగా లేదు,” అంటూ పెరట్లోకి నడిచింది.

నాయన కువైట్‌లో లేడు! మరి ఎక్కడున్నాడు? ఎవరితో ఉన్నాడు? వీధి చివరి రామానుజం కూడా దుబాయ్ అని చెప్పే వెళ్లాడు. రెండేళ్ల తర్వాత పెరంబూరులో ఇంకో కాపురం బయటపడింది.

పాపం, అమ్మకు ఆ వాన సంగతి తట్టనే లేదు. ఇన్నాళ్లూ ఎంత ఆశగా అడిగిందో! ఈ పాఠం చదవకపోయినా బాగుండేదని జ్యోతికకు ఏడుపొచ్చింది. అయినా దాచి లాభం లేదు, చెప్పేయాల్సిందే. కళ్లు తుడుచుకుని పెరటి గుమ్మం దాకా వెళ్లింది.

చెంగమ్మ గోడవైపు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఫోన్‌లో గొణుగుతోంది.

“కాట్టుపల్లిలో ఎంత వాన కురిసినా పాపతో ఎండనే చెప్పయ్యా!”