తేలికైన క్లచ్

నాజర్ సింగ్ షోరూములో కొత్తరకం ట్రాక్టరు ఎక్కి క్లచ్ నొక్కి చూస్తున్నాడు, మీటలు తిప్పి చూస్తున్నాడు, ఎంతకీ దిగడం లేదు. కింద నిలబడ్డ భార్య జస్మేల్ ఇక ఊరుకోలేకపోయింది.

“ఈ వయసులో పల్లకీ కావాల్సొచ్చిందా సర్దార్జీకి? మీ బాపూ ఉత్త ఇనప సీటు మీద కూర్చుని దున్నలేదూ? దీంట్లో ఓ వైరు పోతే పట్నం నుంచి మనిషి రావాలి. ఆ పక్కనున్న పాతరకందైతే మన ఊరి మిస్త్రీయే పానా పట్టుకొచ్చి బాగుచేస్తాడు.”

షోరూములో అందరూ నవ్వారు. నాజర్ దిగివచ్చి, ఆమె చెప్పిందే కొన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమెను పొలానికి తీసుకెళ్ళి ట్రాక్టరు సీటు మీద కూర్చోబెట్టాడు.

“క్లచ్ నొక్కు.”

జస్మేల్ ఒక కాలితో నొక్కింది. తర్వాత రెండు కాళ్ళతో నొక్కింది. అది సగం కూడా దిగలేదు.

“నాకెందుకండీ ఈ సరదా?” అంది నవ్వుతూ.

“డాక్టరు నన్నిక బండి నడపొద్దన్నాడు. చూపు పోతోందట, మళ్ళీ రాదట. ఇక దున్నాల్సింది నువ్వే. ఆ కొత్తదాని క్లచ్ మెత్తగా ఉంది, నీ కాలికి సరిపోతుందనుకున్నా.”

జస్మేల్ నవ్వు ఆగిపోయింది. “అక్కడే ఓ మాట చెప్పొచ్చుగా!”

“నువ్వంత సంబరంగా మాట్లాడుతుంటే ఎలా చెప్పను?”

జస్మేల్ అతని ముఖంలోకి చూడలేకపోయింది. తన ముఖం అతనికి ఏపాటి కనిపిస్తోందో అడగడానికి నోరు రాలేదు.