స్టీలు డబ్బాలో పలుకులు

"పలుకులు తీసి ఇందులో వెయ్యండర్రా," అంటూ హైమవతి స్టీలు డబ్బా ముందుకు జరిపింది. ఆమె యూనివర్సిటీ విద్యార్థి సంఘానికి సలహాదారు. ఏం మాట్లాడాలో చెవిలో చెప్పే ఆ 'పలుకు' బుడిపెలు లేకుండా ఇప్పుడెవరూ నోరు విప్పడం లేదు. అందుకే నాయకత్వ శిక్షణలో గంటసేపు అవి లేకుండా మాట్లాడాలని ఆమే నియమం పెట్టింది. రేపు హాస్టల్ మెస్ గురించి వీసీని కలవాలి. ఇవాళ వీసీ వేషం హైమవతిదే.

సంఘం అధ్యక్షురాలు కెజియా లేచింది. "సార్... అదీ... అన్నం పాచి వాసనొస్తోంది సార్. పిల్లలు... పస్తులుంటున్నారు." పాపం, చెమటలు పట్టేశాయి.

"మీ ఆవేదన నాకు అర్థమైంది. సత్వరం పరిశీలించి తగిన చర్యలు తీసుకుంటాం," అంది హైమవతి గడగడా.

కెజియా ఆమె చెవి మీది జుట్టు వంకే చూసింది. "మేడమ్, మీది డబ్బాలో వెయ్యలేదు కదా?"

హైమవతికి తల కొట్టేసినట్టయింది. జుట్టు కింది నుంచి పలుకు తీసి డబ్బాలో వేసింది. ఠంగుమంది.

"ఇప్పుడు చెప్పండి. ఆ అన్నం మీరైతే తింటారా?" అంది కెజియా.

హైమవతి నోరు తెరిచింది. తింటాననో, తిననో, ఏదో ఒకటి చెప్పాలి. నాలుక మీదికి ఒక్క మాటా రాలేదు. పిల్లలు ఓపిగ్గా ఎదురుచూశారు. చివరికి, తప్పు తామే చేసినట్టు తలలు దించుకున్నారు.

కెజియా డబ్బాలోంచి ఆమె పలుకు వెతికి తీసి, చున్నీతో తుడిచి, అరచేతిలో పెట్టింది.

"పెట్టుకోండి మేడమ్. మేం ఎవరికీ చెప్పంలెండి."