నా దగ్గర బాగానే ఉంది

“వచ్చాడమ్మా మళ్ళీ మన నసగాడు!” కళ్ళజోళ్ళ షాపాయన కంప్యూటర్ ముందు తల పట్టుకున్నాడు.

కౌంటర్ దగ్గర అద్దాలు తుడుస్తున్న భార్య తలెత్తకుండానే అడిగింది. “ఈసారి ఏమిటట?”

“పాటల ఫైలు మారిస్తే అక్షరాల మీది స్వరాల గుర్తులు ఎగిరిపోతున్నాయట. మొన్న బస్సుల టైంటేబులన్నాడు. అంతకుముందు కోళ్ళఫారం లెక్కలన్నాడు. వీడికి లేని వ్యాపారం లేదే!”

పాత సాఫ్ట్‌వేర్‌లో టైపు చేసిన, ఇప్పుడు ఎక్కడా తెరుచుకోని ఫైళ్ళను కొత్త రకంలోకి మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి ఆ ఫిర్యాదు. ఎక్కడెక్కడి వలంటీర్లో కొందరు దాన్ని జీతం బత్తెం లేకుండా నడుపుతున్నారు. ఫిర్యాదులు చూడడం షాపాయన వంతు. బేరం లేనప్పుడల్లా అదే ధ్యాస.

ఒకప్పుడు ఆయనా అక్కడికి గతిలేకే వెళ్ళాడు. కస్టమర్లందరి చూపు నంబర్లూ పాత ఫైల్లో ఇరుక్కుపోయి, షాపు మూసుకోవాల్సిన పరిస్థితి. ఫిర్యాదు పెడితే ఎవరో చూసీ చూడనట్టు మూసేశారు. ఇంక అంతేననుకుంటుండగా ఒక పెద్దమనిషి మెయిల్ రాశాడు. “ఆ ఫైలు ఒకసారి నాకు పంపు బాబూ” అని.

వారం తిరక్కుండా ఫైలు బాగుపడింది. వలంటీర్లలోనే ఎవరో జాలిపడ్డారనుకున్నాడు. ఆ కృతజ్ఞతతోనే తనూ వాళ్ళలో చేరాడు.

చేరి ఏళ్ళు గడిచాక కృతజ్ఞత పోయి విసుగు మిగిలింది.

పాటల ఫైలు తన కంప్యూటర్లో మార్చి చూశాడు. గుర్తులన్నీ నిక్షేపంలా ఉన్నాయి. “నా దగ్గర బాగానే ఉంది” అని రాసి ఫిర్యాదు మూసేశాడు.

అది ఆయన ఊతపదం.

భార్య నవ్వింది. “మన దగ్గర అద్దాలు చేయించుకున్నవాళ్ళు మసగ్గా ఉందంటే, నాకు బాగానే కనిపిస్తోంది పొండి అంటారా?”

“వాళ్ళు డబ్బిచ్చినవాళ్ళే. అదీ ఇదీ ఒకటేనా? నువ్వు తుడువు.”

మర్నాడు నసగాడు మళ్ళీ రాశాడు.

“కోపం తెచ్చుకోకండి. గుర్తులు లేకపోతే ఆ పాటలు పాడడానికి పనికిరావు. ఇంకో కంప్యూటర్లో ఒక్కసారి చూస్తారా?”

షాపాయనకి ఒళ్ళు మండింది.

“మాకూ సంసారాలున్నాయి. మీకు పనీపాటా లేకపోతే అది మా తప్పు కాదు” అని అందరూ చూసేలా రాసిపారేశాడు.

వెంటనే జవాబొచ్చింది. “సరే బాబూ, శ్రమ ఇచ్చాను.”

ఆ మనిషి ఇంకెప్పుడూ అక్కడ రాయడానికి వీల్లేకుండా తాళం వేసేశాడు షాపాయన. “పీడా వదిలింది!”

నిజంగానే వదిలింది. ఫిర్యాదులు సగానికి సగం తగ్గాయి. తోటి వలంటీర్లు భేష్ అన్నారు. సాఫ్ట్‌వేర్ ఇన్నాళ్ళకు దారిన పడిందని షాపాయన కాలరెగరేశాడు.

ఒక మధ్యాహ్నం షాపుకి ఫోనొచ్చింది.

“కళ్ళజోళ్ళ షాపేనా అండీ?” ఆడగొంతు. “మా నాన్నగారు కాలం చేశారు. ఆ ఫైళ్ళు మార్చే సాఫ్ట్‌వేర్ దగ్గర రాస్తుండేవారు. చివర్లో ఏదో పాటల ఫైలు గురించి...”

షాపాయనకి ఎవరో అర్థమైంది. నిలదీయడానికే చేసిందనుకున్నాడు.

ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాడు. “నాన్నగారిది ఏం వ్యాపారమమ్మా? అన్ని రకాల ఫైళ్ళు...”

“వ్యాపారమా! కరెంటాఫీసులో ఫిర్యాదుల కిటికీ దగ్గర పనిచేసి రిటైరయ్యారండీ. నాన్నకి సొంత ఫైలంటూ ఒక్కటీ లేదు.”

“మరి?”

“అక్కడ మూసేసిన ఫిర్యాదులు వెతికేవారు. ఆ మనుషులకి రాసి, ఫైలు తెప్పించుకుని, తన పేరు మీద మళ్ళీ పెట్టేవారు. ‘వాళ్ళు మొహమాటపడి రెండోసారి అడగలేరే, ఆ తిట్లేవో నేను తింటే పోతుంది, నాకలవాటేగా’ అనేవారు.”

“ఆ పాటలు...”

“ఒక సంగీతం టీచరుగారివండీ. వాళ్ళ గురువుగారు కట్టిన పాటలట, ఆయన లేరు. ఆ ఫైల్లో తప్ప ఇంకెక్కడా లేవట. ఆవిడ ఆశ వదిలేసుకుంది. నాన్నే వదల్లేదు. ఆస్పత్రిలో కూడా, ‘నన్ను రాయనివ్వట్లేదే, ఆవిడకి ఏం చెప్పను’ అని ఒకటే బాధ.”

షాపాయన ఫోను చెవికి ఆనించుకునే, భార్య సెల్లు తీసుకుని అందులో మార్చిన పాటల ఫైలు తెరిచాడు.

గుర్తులు ఒక్కటీ లేవు.

ఆ గుర్తులు చూపించే పాత ఫాంటు తన కంప్యూటర్లో ఎప్పుడో తనే ఎక్కించుకుని మరిచిపోయాడు. అందుకే తనొక్కడికీ బాగా కనిపించింది. ఇంకో కంప్యూటర్లో ఒక్కసారి చూడమని తప్ప ఆ పెద్దాయన ఏమడిగాడు గనక!

సిగ్గుతో చచ్చిపోయాడు షాపాయన. 

“ఆ పాటల ఫైలు ఇవాళే బాగుచేస్తానమ్మా” అన్నాడు. “మీ నాన్నగారిని పనీపాటా లేనివాడన్నది నేనే. తాళం వేసిందీ నేనే. నన్ను ఎన్ని తిట్టినా పడతాను.”



“అది మీరని నాకు తెలియదండీ” అందావిడ. “నాన్న మొట్టమొదట పోట్లాడి బాగుచేయించింది మీ షాపువాళ్ళ చూపు నంబర్ల ఫైలేనట, అందుకని కబురు ముందు మీకే చెబుదామని చేశాను.”