జిరాఫీ అలక

"సెలవు పెట్టానని అలిగింది డాక్టరమ్మా. తొట్టిదాకా వచ్చి నీళ్లు ముట్టదు," అన్నాడు జిరాఫీని సాకే ముసలాయన.

"అలక కాదు మామా, భయం. వంచిన తల పైకెత్తగానే మెదడుకి రక్తం తగ్గకుండా మెడ నరాలు గుండెకి కబురు పెట్టాలి. వయసైపోయి ఆ కబురు ఆలస్యమవుతోంది. మొన్న నీళ్లు తాగి తలెత్తగానే కూలబడింది. ఇంకోసారి పడితే లేవదు."

ముసలాయన నిచ్చెనెక్కి బకెట్టు పైకెత్తి పట్టాడు. జిరాఫీ తల వంచకుండానే మొత్తం తాగేసింది.

"ఇంత దాహంతో ఉన్నదాన్నా తల్లీ, నేను తిట్టింది?" అంటూ కిందికి దిగాడు.

రోజూలాగే అతని బట్టతల వాసన చూడటానికి జిరాఫీ మెడ వంచింది.

"వద్దే, వద్దు," అంటూ దాని మూతిని రెండు చేతులతో పట్టుకున్నాడు ముసలాయన. "డాక్టరమ్మా, దీన్ని తలెత్తనివ్వకుండా ఎంతసేపని పట్టుకోను?"