మెర్లిన్ బండి

"ఈ బండి ఏళ్ల తరబడి కదల్లేదు కదన్నా?" అన్నాడు చంద్రమౌళి, ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని.

ప్రేమానందం ఉలిక్కిపడ్డాడు. "నీకెలా తెలుసు?"

"తుప్పే చెబుతోందిగా. తిరిగే బండికి ఈ ఫోర్కు రాడ్లు రోజూ పైకీ కిందకీ ఆడతాయి. ఆయిల్ తగిలి అద్దంలా ఉంటాయి. నిలబెట్టిన బండికి ఇదిగో, సరిగ్గా ఆడాల్సిన చోటే తుప్పు పట్టింది."

గోటితో గీరాడు. గోధుమరంగు పొడి రాలింది. దాని కింద చిన్న చిన్న గుంటలు.

నందిగామలో చంద్రమౌళి షెడ్డుకి వచ్చేవాళ్లంతా కాళ్లకింద నిప్పులు పోసుకుని వస్తారు. ప్రేమానందం మాత్రం స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఇంటికెళ్లి చేసేదేముంది? విత్తనాల కొట్లో గుమాస్తా పని, ఒక గది, ఒక కంచం. ఆ కంచం కడిగి బోర్లిస్తే ఇంట్లో ఆ రోజుకి చప్పుడు అయిపోయినట్టే.

"గరుకు కాగితంతో రుద్దేస్తా. పని జరిగిపోద్ది," అన్నాడు చంద్రమౌళి.

"మరి గుంటలు?"

"అవి పోవు. కొన్నాళ్లకి ఆయిల్ కారకుండా ఆపే సీలుని కోసేస్తాయి. అప్పుడు చూద్దాంలే."

ప్రేమానందం ముఖం మాడిపోయింది. 'చూద్దాంలే' అనే మాటకి అతను మూడేళ్ల కిందటే బలైపోయాడు.

అప్పట్లో అతని భార్య మెర్లిన్ జగ్గయ్యపేటలో టీచరు. బండి ఆమె తన జీతంతో కొనుక్కున్నదే. "టైరు బోడిగుండైంది, మార్చవా?" అని ఆమె అడిగినప్పుడల్లా "వచ్చే నెల చూద్దాంలే" అనేవాడు. మూడు నెలలు అలాగే చూశాడు. ఒక సాయంత్రం ఆమెను బడి నుంచి తీసుకొస్తుంటే నాలుగు చినుకులు పడ్డాయి. సిమెంటు లారీల దుమ్ము తడిసిన రోడ్డు మీద బండి జారింది. అతనికి మోచెయ్యి గీరుకుపోయింది. ఆమెకి అయిదో నెల గర్భం పోయింది.

ఆసుపత్రి నుంచి మెర్లిన్ నేరుగా వత్సవాయిలో పుట్టింటికి వెళ్లిపోయింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అతను బండిని పెరట్లోకి నెట్టి టార్పాలిన్ కప్పేశాడు.

మొన్న మెర్లిన్ అన్న ఫోన్ చేశాడు. "బుధవారం లోపల బండి తీసుకుని రా. చెల్లి చెప్పమంది."

ఎందుకో కూడా చెప్పాడు. కోర్టు కాగితాలు కాక, మూడేళ్లలో అదే మొదటి కబురు. ఆ పూట ప్రేమానందానికి అన్నం సహించలేదు.

"మౌళీ, రాడ్లు కొత్తవే వెయ్యి. సీళ్లు కూడా," అన్నాడు.

"బెజవాడ నుంచి తెప్పించాలి."

"తెప్పించు. మంగళవారం పొద్దుటికి కావాలి. వత్సవాయి వెళ్లాలి."

చంద్రమౌళి ముఖం వెలిగిపోయింది. "అక్క పిలిచిందా ఏంది?"

"కబురు చేసింది. బండి ఎక్కుతుందో లేదో తెలియదు. ఎక్కితే మాత్రం ఈసారి పడకూడదు మౌళీ."

ఆ గొంతు విని చంద్రమౌళి లేచాడు. చేతులు తుడుచుకున్నాడు. "బటన్ టైర్లు వేద్దామా? బురదలో బాగా లాగుతాయి."

"పొలంలోకి కాదు. రోజూ వత్సవాయి నుంచి జగ్గయ్యపేట బడికి, బడి నుంచి ఇంటికి. తారు రోడ్డు. వాన పడ్డా పట్టు ఉండాలి."

"రోజూ వత్సవాయి నుంచా! ఓరినాయనో, ఇల్లరికం పోతున్నావా అన్నా?"

షెడ్డులో ఉన్నవాళ్లంతా గొల్లుమన్నారు. ప్రేమానందం కూడా నవ్వబోయాడు. చేతకాలేదు.

చంద్రమౌళి ఓ టైరు తెచ్చి ముందు పెట్టాడు. ప్రేమానందం దాని పక్కన అచ్చొత్తిన నాలుగంకెలు వెతికి చదివాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం.

"ఇది తయారై నాలుగేళ్లైంది. గీతలు ఉన్నాయి గానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. వేరేది తియ్యి."

"అమ్మో! పెళ్లికి పిల్లని కూడా ఇంతలా చూడరు." గొణుక్కుంటూనే వేరేది తీశాడు చంద్రమౌళి. "వెనక టైరుకి బరువెంత అనుకోమంటావ్?"

"ఇద్దరూ కలిసి నూట యాభై కిలోలు."

"ఊదితే ఎగిరిపోయేలా ఉన్నావ్, నూట యాభయ్యా? అక్క చేతి వంట తిని లావెక్కుతానని ముందే డిసైడైపోయావా?"

ప్రేమానందం బరువు మోసే టైరే వేయించాడు. వెనక పట్టుకునే కమ్మీ కూడా కొత్తది బిగించమన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. అయినా పట్టుకున్నాడు పాపం, రెండు చేతులా.

మంగళవారం పొద్దున బండి తయారైంది.

"కొత్త టైర్ల మీద నున్నటి పొర ఉంటుంది. వంద కిలోమీటర్లు తిరిగి అది అరిగేదాకా జారతాయి. మలుపుల్లో వంచమాక," అని చెప్పి పంపాడు చంద్రమౌళి. "అక్కని అడిగానని చెప్పు."

ప్రేమానందం తిన్నగా వత్సవాయి వెళ్లలేదు. చందర్లపాడు వెళ్లి వెనక్కొచ్చాడు. వీరులపాడు వెళ్లి వచ్చాడు. చాలక మళ్లీ చందర్లపాడు వెళ్లాడు. పత్తి చేల మధ్య, ఎండలో, ఒక్కడే. ఆ పొరేదో తన కిందే అరిగిపోవాలి. జారితే తనే పడాలి. మెర్లిన్ ఎక్కే వేళకి టైర్లు రోడ్డుని గట్టిగా పట్టుకోవాలి.

ఒకచోట స్పీడు బ్రేకరు వచ్చింది. "పట్టుకో, జాగ్రత్త," అన్నాడు అలవాటు కొద్దీ. భుజం మీద చెయ్యి పడలేదు. బండి ఆపి, రోడ్డు పక్కన నిలబడి కాసేపు ఏడ్చాడు.

మీటర్లో వంద కిలోమీటర్లు పెరిగాక దిగి టైర్లు తడిమి చూశాడు. నునుపు పోయింది. ఫోర్కు రాడ్లు తుడిచాడు. ఎక్కడా ఆయిల్ చుక్క లేదు. అప్పుడు గానీ వత్సవాయి దారి పట్టలేదు.

సాయంత్రం అయిదింటికి మెర్లిన్ ఇంటి ముందు బండి ఆపి, తాళం చెవి తీసి, మర్నాడు చర్చిలో మెర్లిన్‌ని పెళ్లి చేసుకోబోతున్న భారీ మనిషి ఫ్రాన్సిస్ చేతిలో పెట్టాడు.